వేపమండ కట్టని వాకిలి

చిత్తూరు,
ఫిబ్రవరి, బుధవారం.

చి|| హేమశ్రీకి నాయన దీవించి రాయునది.

మీ అమ్మ తీర్పు ప్రకారం ఇది మొదటి ఉత్తరం. మనిద్దరం ఫోనులో మాట్లాడుకుంటే వీధి వీధంతా కిటికీలు తెరిచి వింటోందట. "ఇంగమీద ఏముండా కాగితం మీద అరుసుకోండి, నా చెవులకి పని లేకుండా" అని పంకజాక్షి ఫోను లాక్కుంది. రాత అనేసరికి నాకు బడి భాష వచ్చేస్తుంది, ఏమీ అనుకోకు. దీన్ని తిరుపతి బస్సు డ్రైవరుకు ఇస్తున్నాను. అక్కడ మన కొట్టు చూసుకునే మునిశేఖర్ దించుకుని తడ బస్సులో వేస్తాడు. పోస్టు కంటే ముందే వస్తుంది.

సంగతికి వస్తాను. మండీ వీధిలో కొన్న మేడకు సున్నం వేయించాను. కింద రోగులను చూసే గది, పైన పడకలు. బోర్డు రాసేవాడు రోజూ వచ్చి "ఏం పేరు రాయాలప్పా?" అని అడిగి పోతున్నాడు. బెల్లం దిమ్మెలు అమ్మి నిన్ను డాక్టరు చదివించాను. నువ్వేమో దాని మీద ఇంకేదో సామాజిక వైద్యమని చదివి, తడలో కూర్చుని జనం నీళ్ళ తొట్లలోకి తొంగి చూస్తున్నావు. మొన్న మండీలో వేలం నడుస్తుండగా మునిశేఖర్ అందరి ముందూ అన్నాడు: "పెద్దాయనా, హేమక్కను శ్రీ సిటీ కాడ సూసినా. మిట్టమధ్యాన్నం ఎండలో పాత టైర్లు బోర్లిస్తా ఉండాది." అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికి వచ్చాక అన్నం సయించలేదు.

ఒక్కటే అడుగుతాను. నువ్వు బతికించిన మనిషి ఒక్కడైనా వచ్చి నాకు దండం పెట్టాడా? పక్క వీధి ఎముకల డాక్టరు వాళ్ళ నాయనకు రోజూ ఎవరో ఒకరు పెడుతూనే ఉన్నారు. నేను చూస్తూనే ఉన్నాను.

మే నెలలో పల్లెలో గంగజాతర. ఈసారి అమ్మవారి సారె మన ఇంటి వంతు. మా నాయన కాలం తర్వాత మళ్ళీ ఇప్పుడే మన గడపకు వచ్చింది. కమిటీ పెద్దగా కూడా నన్నే పెట్టారు. ఆలోగా మేడ సంగతి తేల్చు.

దామోదరం

తా.క.: మీ అమ్మ ఉసిరికాయ తొక్కు పంపింది. సీసా మూత గట్టిగా లేదు, జాగ్రత్త.

●

తడ,
మార్చి మొదటి వారం.

నాయనకు,

ఉత్తరమూ తొక్కూ అందాయి. ఉత్తరానికి నూనె అంటింది కానీ అక్షరాలు బాగానే కనబడ్డాయి.

మునిశేఖర్ చెప్పింది నిజమే. టైర్లలో నిలిచిన నీళ్ళు పారబోస్తున్నాను. వాడు వెళ్ళిపోయాక ఒకాయన నన్ను పాత సామాన్ల వ్యాపారమనుకుని టైరుకు ఎంతిస్తావని అడిగాడు. బేరం కుదరలేదు. ఇది కూడా మండీలో చెప్పమను.

నా పని ఏమిటో నువ్వెప్పుడూ అడగలేదు, నేనూ చెప్పలేదు. ఫ్యాక్టరీలకు పోయేవాళ్ళు ఇక్కడ వరుస గదుల్లో ఉంటారు. ఒకే గదిలో ఒక షిఫ్టు వాళ్ళు లేచిన చాప మీద ఇంకో షిఫ్టు వాళ్ళు పడుకుంటారు. మేం గది గదికీ తిరిగి జ్వరం ఎవరికుంది, దగ్గు ఎవరికి తగ్గడం లేదు, పిల్లలకు టీకాలు పడ్డాయా అని అడుగుతాం. కొందరు తలుపు తీయరు. తీసినవాళ్ళలో కొందరు ఓటరు కార్డు తెచ్చి చూపిస్తారు. మధ్యాహ్నం నీళ్ళ ట్యాంకులు చూస్తాను. సాయంత్రం ఇదంతా రాసి పైకి పంపుతాను. పైనుంచి జవాబు రాదు.

దండం గురించి అడిగావు. డెంగీ రాని మనిషికి తనకు డెంగీ రాలేదన్న సంగతే తెలియదు నాయనా. వాడు చిత్తూరు దాకా వచ్చి నీకు దండమెందుకు పెడతాడు?

అయినా నీ ప్రశ్న నేనూ వేసుకుంటాను, ఒక్కో రోజు. ఇక్కడ అంతా మామూలే. మేడ సంగతి జాతరలోగా చెబుతాను. బోర్డు రాసేవాణ్ణి అంతవరకు ఆగమను.

హేమశ్రీ

●

మన పల్లె, ఐరాల మండలం,
మే, శుక్రవారం.

అమ్మా హేమా,

చాటింపు అయిపోయింది. ఇక జాతర ముగిసేదాకా పొలిమేర దాటి ఎవరూ బయట పడుకోకూడదు కనుక నేనూ మీ అమ్మా వచ్చి మీ చిన్నాయన ఇంట్లో దిగాం. వాడు పోయాక ఆ ఇంటికి మీ పిన్నమ్మ నాగులమ్మే పెద్ద దిక్కు. కోడలు అమల సారె ఎత్తుతుంది.

నీకు తెలిసిందే అయినా రాస్తాను, రాయడం నాకు ముచ్చటగా ఉంది. మంగళవారం పొద్దున అమల పసుపు చీర కట్టుకుని, కొత్త గంపలో చీర, గాజులు, పసుపు కుంకుమ, చలిమిడి పెట్టి నెత్తికెత్తుకుంటుంది. చంకలో బిడ్డ ఉండాలి. ఊళ్ళో ప్రతి వాకిట్లో ఆగుతుంది. ఆ ఇంటి ఆడవాళ్ళు పిల్లలను వెంటబెట్టుకుని వచ్చి ఆమె కాళ్ళకు నీళ్ళు పోస్తారు, చంకలో బిడ్డ బుగ్గలకు పసుపు రాస్తారు, అదే చేత్తో తమ పిల్లల బుగ్గలకు రాసుకుంటారు. పలకలు వాయించేవాళ్ళ వెనక, సారె ముందర నేను నడుస్తాను. కొత్త తలపాగా కొన్నాను. మీ అమ్మ చూసి పెళ్ళికొడుకులా ఉన్నావంది. ఎగతాళికే అంది, అయినా బాగుంది.

ఒక చిన్న చిక్కు వచ్చింది. అమల కూతురు, ఈ ఏడే బడిలో వేయబోయే ఐశ్వర్యకు రెండు మూడు రోజులుగా ఒళ్ళు కాలుతోంది. దగ్గు. కళ్ళు ఎర్రబడి నీళ్ళు కారుతున్నాయి. ఈ పొద్దు ముఖమంతా ఎర్రగా పేలి మెడ కిందికి దిగుతోంది. నాగులమ్మ చూసి "అమ్మవారు వచ్చినారు బావా, యాపమండ కడతాను" అంది. నేను ఆగమన్నాను. వేపమండ కట్టిన ఇంటికి ఎవరూ రారు, ఆ ఇంటివాళ్ళు జాతరలో అడుగు పెట్టరు. అప్పుడు సారె తర్వాతి వంతు వాళ్ళకు, అంటే చంద్రకాంతమ్మ ఇంటికి పోతుంది. మా నాయన సారె తీసిన ఏడాది గంప చిన్నదని నవ్విన ఇల్లు అది. కనుక వేపమండ కట్టలేదు. బిడ్డను లోపలి గదిలో పెట్టాం. మంగళవారానికి అదే తగ్గుతుంది.

నువ్వు డాక్టరువి కదా. ఆ ఎరుపు కనబడకుండా ఏదైనా పూత ఉంటే పేరు రాసి పంపు. ఎవరితోనూ అనకు.

నాయన

●

తడ,
శనివారం.

నాయనా,

ఇది తట్టు కావచ్చు. దగ్గు, ఎర్రటి కళ్ళు, ముఖం నుంచి కిందికి దిగే దద్దుర్లు, ఇవన్నీ కలిపి చదివితే నాకు మరొకటి తోచలేదు. చూడకుండా ఖాయంగా చెప్పలేను కనుక చూసే మనిషిని పంపుతున్నాను.

ఉత్తరం చదివిన వెంటనే ఐరాలలో పనిచేసే డాక్టరు హరినాథ్‌కు ఫోన్ చేశాను. తట్టు అనుమానమొస్తే తెలియజేయడం నా ఉద్యోగం. ముందు నీకు చెప్పి తర్వాత ఆయనకు చెప్పవచ్చు. అలా చేస్తే నువ్వు వద్దంటావు, నేను కాదనాల్సి వస్తుంది. ఆ దశ లేకుండా చేశాను. రేపు వస్తారు.

పూత ఏదీ లేదు. ఐశ్వర్యకు విటమిన్ ఏ చుక్కలు వేయాలి, బాగా నీళ్ళు తాగించాలి, ఎగశ్వాస కనబడితే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. ఊళ్ళో మిగతా పిల్లల్లో టీకా పడనివాళ్ళకు వెంటనే వేయాలి. ఇది గాలిలో అంటుకుంటుంది. దద్దుర్లు తేలకముందు కూడా అంటుకుంటుంది, కనుక ఇప్పటికే ఇంకెవరికైనా అంటి ఉండవచ్చు. నువ్వు అంత ముచ్చటగా రాసిన ఊరేగింపు కంటే దానికి మంచి దారి నేను ఆలోచించలేను.

నా శాస్త్రం నమ్మమని అడగను. నీ శాస్త్రమే పాటించు. వేపమండ కట్టు.

హేమశ్రీ

●

పల్లె,
ఆదివారం పొద్దున.

ఏమ్మా డాక్టరమ్మా,

ఈ పొద్దు నాకు బడి భాష రాదు. కడుపు మండిపోతా ఉండాది.

నేను నా బిడ్డకు రాసుకున్నా. నువ్వు దాన్ని తీసుకబొయ్యి సర్కారు ముందర పెట్టినావు. పొద్దున్నే జీపు వచ్చి వాకిట్లో నిలబడింది. ఊరంతా కూడినారు. ఆ హరినాథ్ మర్యాదస్తుడే, చెప్పులు యాడో ఇడిసి వచ్చి "పెద్దాయనా, పాపను ఒకసారి చూడొచ్చా?" అన్నాడు. అందరూ నా మొగమే సూస్తా ఉండారు. చంద్రకాంతమ్మ మొగుడు కూడా. నాకు తల కొట్టేసినట్టయింది.

"అమ్మవారూ లేదు, పాడూ లేదు, ఎండకి చెమటకాయలు పేలినాయి" అన్నాను. వాకిలికి అడ్డం నిలబడినాను. లోపలికి రానియ్యల్యా. నాగులమ్మ పెరట్లోకి పోయింది. అమల తలొంచుకోనింది. ఆయప్ప రేపు మళ్ళా వచ్చి బడిలో కూసుంటాను, పిల్లకాయలకి టీకాలేస్తానని చెప్పి పోయినాడు. రానీ. చెమటకాయలకి సూది ఎవురేసుకుంటారు?

సారె మనదే. ఎత్తేది మన అమలే. ఇంగ నీ మేడా వద్దు, నీ జవాబూ వద్దు. నువ్వు టైర్లే బోర్లించుకో. నీ ఉత్తరం వస్తే తెరవను.

●

తడ,
ఆదివారం సాయంత్రం.

నాయనా,

నీకు ఫోన్ చేశాను, తీయలేదు. అమ్మ తీసింది. "ఆయప్ప మాట ఇనడు గానీ కాగితమైతే సదవతాడు, పంపు" అంది. అందుకే రాస్తున్నాను. మునిశేఖర్ స్వయంగా తెచ్చిస్తానన్నాడు.

నేనే రావచ్చు. వస్తే నువ్వు నా మీద గెలవాలని చూస్తావు, రేపంతా అందులోనే పోతుంది. జాతర ఆపించమని పై అధికారులను అడగవచ్చు. అదీ అడగలేదు. ఒకసారి ఆపిస్తే వచ్చే ఏడాది నుంచి అమ్మవారు వచ్చిందని ఆ ఊళ్ళో ఎవరూ పక్కింటికి కూడా చెప్పరు.

నీకొక సంగతి దాచాను. అంతా మామూలే అని మార్చిలో రాశాను కదా. దానికి కొన్ని రోజుల ముందు ఇక్కడ ఒక బిడ్డ చనిపోయింది. తల్లి పేరు కోమలి, ఒక ఫ్యాక్టరీ క్యాంటీన్లో గిన్నెలు తోముతుంది. బిడ్డకు జ్వరం, దగ్గు, ఎర్రటి కళ్ళు. ఆ వరుసలో గదులన్నింటికీ తెలుసు. మేం వెళ్ళి అడిగితే అందరూ ఏమీ లేదన్నారు. అంటురోగమని తెలిస్తే గది యజమాని కోమలిని సామానుతో బయట పెడతాడని వాళ్ళ భయం. అందరూ మంచివాళ్ళే నాయనా. పక్క గది ఆమె తన బిడ్డ పాలలోంచి సగం ఆ బిడ్డకు పోసింది. మంచితనంతోనే దాచారు. నాకు తెలిసేసరికి బిడ్డకు ఊపిరి అందడం లేదు. ఆసుపత్రికి తీసుకెళ్తుంటే దారిలో నా ఒళ్ళోనే పోయింది.

మరుసటి రోజు రాజీనామా రాశాను. నీ మేడకు వచ్చేద్దామనుకున్నాను. అక్కడికి రోగం తనంతట తానే మెట్లెక్కి వస్తుంది, ఎవరి తలుపూ కొట్టనక్కర్లేదు. ఆ కాగితం నిన్నటిదాకా నా దగ్గరే ఉంది. శుక్రవారం నువ్వు రాసింది చదివాక, హరినాథ్‌కు ఫోన్ చేసి పెట్టేశాక, దాన్ని చింపేశాను. ఈసారి నాకు ముందే తెలిసింది. నాకు కావలసింది అదే, ముందే తెలియడం. మిగతా జీవితం ఈ పనే చేస్తాను. మేడ సంగతికి ఇదే నా జవాబు.

నిన్ను బెదిరించడానికి కోమలి సంగతి రాయలేదు. నాకు చెప్పుకోవడానికి ఇంకెవరూ లేరు.

రేపు హరినాథ్ బడిలో కూర్చుంటాడు. నువ్వు చెమటకాయలన్నావు కనుక ఎవరూ రారు. నీ నోటి మాటను మార్చగలిగింది నువ్వొక్కడివే. నాకు భయంగా ఉంది నాయనా.

హేమ

●

చిత్తూరు,
జూన్, శనివారం.

అమ్మా హేమా,

నెలరోజులు రాయలేదు. కోపంతో కాదు. ఏం జరుగుతుందో చూడకుండా రాయడానికి చెయ్యి రాలేదు. నాలుగు ముక్కలు ఫోనులో మీ అమ్మ చెప్పే ఉంటుంది. మొత్తం నేనే రాయాలి.

నీ ఉత్తరం సోమవారం పొద్దున అందింది. తెరవనని రాశాను కదా, జేబులో పెట్టుకుని బడి దాకా నడిచాను. హరినాథ్ వరండాలో టీకా పెట్టె పక్కన కూర్చుని ఉన్నాడు. ఒక్క పిల్లా లేదు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు. "టీ తాగతారా పెద్దాయనా?" అన్నాడు, అంతే. అక్కడే బెంచీ మీద కూర్చుని తెరిచాను. ఆ బిడ్డ నీ ఒళ్ళో పోయిందన్న చోట ఆగిపోయాను. నువ్వు ఆ వారమే నాకు ఉత్తరం రాశావు. టైరు బేరం గురించి రాశావు. నేను దాన్ని మండీలో చదివి అందరినీ నవ్వించాను.

ఇంటికి పోయి పెరట్లో వేపమండలు విరిచి వాకిలికి కట్టాను. ముడి వదులుగా పడింది. నాగులమ్మ లోపలినుంచి వచ్చింది.

"ఏం జేస్తా ఉండావు బావా?"

"అమ్మవారు వచ్చినారమ్మా మనింటికి" అన్నాను.

ఆమె అక్కడే కూలబడి ఏడ్చింది. "ఈ మాట అనేదానికి ఇన్ని దినాలా? ఆ తల్లిని దొంగను దాసినట్టు దాస్తిమే. నా కంటికి కునుకు ల్యా" అంది. తర్వాత లేచి నా ముడి విప్పి సరిగ్గా తానే కట్టింది.

సారె గంప నేనే తీసుకుపోయి చంద్రకాంతమ్మ ఇంటి ముందు పెట్టాను. ఆమె నవ్వుతుందనుకున్నాను. "బిడ్డకెట్టుండాది?" అని అడిగింది. నవ్వి ఉంటే నాకు కొంచెం తేలికగా ఉండేది.

అక్కడినుంచి పలకవాణ్ణి వెంటబెట్టుకుని వీధులన్నీ తిరిగాను. "నేను అబద్ధం చెప్పినాను, చెమటకాయలు కాదు, పిల్లకాయల్ని బడికి తోలకరండి" అని నా నోటితోనే చెప్పాను. వినాల్సినవన్నీ విన్నాను. "పెద్దమనిషివి, ఊరి బిడ్డల్ని ఏం జేద్దామనుకున్నావు?" అని ఒకామె నా ముందరే దుమ్మెత్తి పోసింది. తిడుతూనే బిడ్డను చంకనేసుకుని బడికి పోయింది. పొద్దు వాలేదాకా వరండా నిండా ఏడుపులే. కొందరు ఎంత చెప్పినా రాలేదు. వాళ్ళ ఇళ్ళకు హరినాథ్ తానే పోయాడు.

ఐశ్వర్య చుక్కల దగ్గర నాగులమ్మ అడ్డం పడింది, అమ్మవారు ఉన్న ఇంట్లో మందు వద్దని. హరినాథ్ గడప బయటే నిలబడి, ఇవి రోగాన్ని పోగొట్టే మందు కాదు, కళ్ళకూ ఒంటికీ బలం అన్నాడు. ఆమె అమల చేత వేయించింది.

జాతరకు మేం పోలేదు. అరుగు మీద కూర్చుని పలకలు విన్నాను. సారె మన వీధికి వచ్చి, మన వాకిలి దగ్గర ఆగకుండా పక్కింటికి పోయింది. దాచను, ఏడుపు వచ్చింది. తలపాగా పెట్టెలోంచి తీయనే లేదు.

తర్వాతి వారం ఐశ్వర్యతో ఆడుకున్న ఇద్దరు పిల్లలకు ఒళ్ళు పేలింది. ఆ గంటలోనే ఆ రెండు వాకిళ్ళకూ వేపమండలు వచ్చాయి. అక్కడితో ఆగింది. అమ్మవారు దిగిపోయాక ముగ్గురికీ తలకు నీళ్ళు పోశారు. హరినాథ్ వారం వారం వచ్చి పోతున్నాడు. ఇక భయం లేదని మొన్న చెప్పాడు. మేడ బట్టల కొట్టు వాళ్ళకు బాడుగకు ఇచ్చేశాను. సున్నం బాగుందని మెచ్చుకున్నారు.

ఊళ్ళో ఎవరూ నన్ను మంచిపని చేశావనలేదు. చెమటకాయల దామోదరం అంటున్నారు. అననీ.

నిన్న బెల్లం బాకీల పని మీద పల్లెకు పోయాను. వేసవి సెలవులయ్యాక బడి తెరిచారు. పనేమీ లేకపోయినా గోడ దగ్గర నిలబడి పిల్లల ముఖాలన్నీ చూశాను. ఎవరైనా తుమ్మితే ఉలిక్కిపడ్డాను. ఒకడు చెప్పు తెగిందని ఏడుస్తున్నాడు. ఇద్దరు కొట్టుకుంటున్నారు. ఐశ్వర్య ఎవరిదో పలక లాక్కుని పరిగెత్తుతోంది. గంట కొట్టగానే అందరూ లోపలికి పోయారు. నేను అక్కడే నిలబడిపోయాను. ఇన్నేళ్ళలో నాకు అంత సంతోషం ఎప్పుడూ కలగలేదు హేమా.

ఇంటికి వచ్చి మీ అమ్మకు చెప్పబోయాను. ఆమె పొయ్యి దగ్గరినుంచి లేచి వచ్చి ఆత్రంగా, "ఏం జరిగిందబ్బా?" అని అడిగింది. ఏమీ జరగలేదు, అదే చెప్పబోయాను. అందుకని నీకు రాస్తున్నాను.

నాయన